వైఫై లేని లైనక్స్ ల్యాప్‌టాప్‌కి బ్లూటూత్‌తో ఇంటర్నెట్: పెయిరింగ్ నుంచి పింగ్ దాకా

రాత్రి పదకొండు దాటాక మా జూనియర్ ఒకడు ల్యాప్‌టాప్ పట్టుకుని రూమ్‌కి వచ్చాడు. "అన్నా, లైనక్స్ వేశాను. వైఫై గుర్తే రావట్లేదు. పొద్దున పదింటికి ప్రాజెక్ట్ రివ్యూ ఉంది" అన్నాడు. విండోస్ ఉంచావా అని అడిగితే మొత్తం తీసేశానన్నాడు. ప్రాజెక్ట్ కోడ్ ఆన్‌లైన్‌లో భద్రంగా ఉంది కానీ, దాన్ని దించుకోవడానికి ల్యాప్‌టాప్‌లో నెట్ లేదు.

చూస్తే సమస్య పాతదే. ఆ ల్యాప్‌టాప్‌లో ఉన్న వైఫై చిప్‌కి డ్రైవర్ ఇన్‌స్టాలేషన్ ఐఎస్ఓలో లేదు, విడిగా దించుకోవాలి. డ్రైవర్ దించడానికి నెట్ కావాలి, నెట్ రావడానికి డ్రైవర్ కావాలి. పల్చటి ల్యాప్‌టాప్ కాబట్టి ల్యాన్ పోర్ట్ లేదు. యూఎస్‌బీ టెథరింగ్ చేద్దామంటే, ఆ టైమ్‌లో మా ఇద్దరి దగ్గరా దొరికిన కేబుళ్లు రెండూ ఛార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చేవి. వాటిలో డేటా వైర్లు ఉండవు.

ఇక మిగిలింది బ్లూటూత్. చాలామంది దీన్ని ఇయర్‌బడ్స్‌కీ, మౌస్‌కీ వాడి వదిలేస్తారు. కానీ దీంతో పూర్తిస్థాయి నెట్‌వర్క్ కూడా నడపొచ్చు. దాని పేరే పర్సనల్ ఏరియా నెట్‌వర్కింగ్, పొట్టిగా ప్యాన్. ఆ రాత్రి నేను చేసిన తప్పుతో సహా, దీన్ని ఎలా సెట్ చేయాలో ఇక్కడ చూద్దాం.

ఒక చిన్న మాట: కమాండ్లను పలికే విధంగా తెలుగులో రాస్తున్నాను. టెర్మినల్‌లో మాత్రం చిన్న ఇంగ్లీష్ అక్షరాల్లోనే టైప్ చేయాలి.

వైఫై పోతే బ్లూటూత్ ఎలా పనిచేస్తుంది?

ఇది చాలామందికి వచ్చే డౌట్. "రెండూ ఒకే కార్డ్‌లో ఉంటాయి కదా, ఒకటి పోతే రెండోది కూడా పోవాలి కదా" అని. కార్డ్ ఒకటే కావచ్చు కానీ దారులు వేరు. చాలా ల్యాప్‌టాప్ కార్డుల్లో వైఫై భాగం పీసీఐ ఎక్స్‌ప్రెస్ మీదుగా, బ్లూటూత్ భాగం యూఎస్‌బీ మీదుగా మదర్‌బోర్డ్‌కి కలుస్తాయి. లైనక్స్ దృష్టిలో అవి రెండు వేర్వేరు పరికరాలు, రెండు వేర్వేరు డ్రైవర్లు. బ్లూటూత్ వైపు బీటీయూఎస్‌బీ అనే డ్రైవర్ కెర్నెల్‌లోనే ఉంటుంది. కొన్ని చిప్‌లకు ఫర్మ్‌వేర్ ఫైల్ కూడా కావాలి. అది లేకపోతే బ్లూటూత్ కూడా రాదు. అప్పుడు చిన్న యూఎస్‌బీ బ్లూటూత్ డాంగిల్ ఒకటి పెట్టుకుంటే సరిపోతుంది.

లోపల ఏం జరుగుతుంది?

లైనక్స్‌లో బ్లూటూత్ పనంతా చూసేది బ్లూజెడ్ అనే స్టాక్. ఇది 2001లో 2.4.6 వెర్షన్‌తో లైనక్స్ కెర్నెల్‌లోకి వచ్చింది. ఫోన్ నుంచి నెట్ వచ్చేటప్పుడు బ్లూటూత్ లింక్ మీద బీఎన్‌ఈపీ అనే ప్రోటోకాల్ నడుస్తుంది. దాని పని సింపుల్: మామూలు ఈథర్‌నెట్ ప్యాకెట్‌ని తీసుకుని బ్లూటూత్ ప్యాకెట్‌లో చుట్టి పంపడం. అందుకే కనెక్ట్ అయ్యాక మీ సిస్టమ్‌లో బీఎన్‌ఈపీ0 అనే కొత్త నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్ కనిపిస్తుంది. ల్యాన్ కేబుల్ గుచ్చినట్టే దానికీ ఐపీ అడ్రస్ వస్తుంది, బ్రౌజర్‌కి తేడా కూడా తెలియదు.

ఈ నెట్‌వర్క్‌లో మూడు పాత్రలు ఉంటాయి:

- ఎన్ఏపీ: నెట్ ఇచ్చేది. మన ఫోన్ పాత్ర ఇదే.
- ప్యాన్‌యూ: నెట్ వాడుకునేది. ఇక్కడ ల్యాప్‌టాప్.
- జీఎన్: బయటి ఇంటర్నెట్ లేకుండా, కొన్ని పరికరాలు తమలో తాము మాట్లాడుకోవడానికి కట్టుకునే గ్రూప్.

ఒక బ్లూటూత్ గుంపులో ఒక మాస్టర్‌కి ఒకేసారి 7 యాక్టివ్ పరికరాల వరకే ఉండగలవు. కాబట్టి దీన్ని హాస్టల్ మొత్తానికి రౌటర్ చేద్దామనే ఆలోచన వద్దు.

స్పీడ్ గురించి నిజం

ముందే చెప్పేస్తున్నా, దీంతో రీల్స్ చూడలేరు. క్లాసిక్ బ్లూటూత్‌లో గాలిలో వేగం గరిష్ఠంగా సెకనుకు 3 మెగాబిట్లు. ప్రోటోకాల్ ఖర్చులు పోగా మనకు దక్కేది ఎంత బాగున్నా సుమారు 2.1 మెగాబిట్లు. అంటే సెకనుకు 260 కిలోబైట్లు. అది కూడా కాగితం మీద లెక్క. చుట్టూ వైఫైలు మోగుతుంటే అందులో సగం వచ్చినా సంతోషించాలి, ఎందుకంటే బ్లూటూత్ కూడా వైఫైలాగే 2.4 గిగాహెర్ట్జ్‌లోనే తిరుగుతుంది.

బాక్స్ మీద "బ్లూటూత్ 5" అని ఉంటే స్పీడ్ ఎక్కువ వస్తుందని అనుకోవద్దు. ఆ వెర్షన్‌లో పెరిగిన వేగం లో ఎనర్జీ వైపు. ప్యాన్ నడిచేది పాత క్లాసిక్ రేడియో మీద. ఫోన్ కొత్తదైనా, పాతదైనా లెక్క దాదాపు అదే.

మరి ఉపయోగం ఏంటి? 50 ఎంబీ డ్రైవర్ ప్యాకేజీలు, ఎస్ఎస్‌హెచ్, గిట్, మెయిల్, చాటింగ్, ఫామ్ నింపడం లాంటి పనులు నడిచిపోతాయి. వైఫై హాట్‌స్పాట్‌తో పోలిస్తే ఫోన్ బ్యాటరీ కూడా తక్కువ ఖర్చవుతుంది.

ఎప్పుడు ఏది వాడాలి అంటే నా ఓటు ఇలా: డేటా కేబుల్ ఉంటే యూఎస్‌బీ టెథరింగ్. వైఫై పనిచేస్తే హాట్‌స్పాట్. రెండూ లేనప్పుడు బ్లూటూత్.

స్టెప్ 1: రేడియో నిద్రలేచిందో లేదో చూడండి

టెర్మినల్ తెరిచి "ఆర్‌ఎఫ్‌కిల్ లిస్ట్" కొట్టండి. బ్లూటూత్ ఎదురుగా సాఫ్ట్ బ్లాక్డ్ అనే చోట ఎస్ అని ఉంటే "సుడో ఆర్‌ఎఫ్‌కిల్ అన్‌బ్లాక్ బ్లూటూత్" కొడితే తెరుచుకుంటుంది. హార్డ్ బ్లాక్డ్ దగ్గర ఎస్ ఉంటే అది కీబోర్డ్ మీదో, పక్కనో ఉన్న స్విచ్ పని. కమాండ్‌తో పోదు.

తర్వాత "సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్ బ్లూటూత్" కొట్టి సర్వీస్ నడుస్తోందో లేదో చూడండి. నడవకపోతే అదే కమాండ్‌లో స్టేటస్ బదులు స్టార్ట్ అని, ముందు సుడో చేర్చి కొట్టండి.

స్టెప్ 2: ముందు ఫోన్‌లో టెథరింగ్ ఆన్ చేయండి

ఈ వరస ముఖ్యం. ఆండ్రాయిడ్‌లో మొబైల్ డేటా ఆన్ చేసి, సెట్టింగ్స్‌లో హాట్‌స్పాట్ అండ్ టెథరింగ్‌లోకి వెళ్లి బ్లూటూత్ టెథరింగ్ ఆన్ చేయండి. ఐఫోన్ అయితే పర్సనల్ హాట్‌స్పాట్‌లో ఇతరులను అనుమతించే స్విచ్ ఆన్ చేస్తే బ్లూటూత్ దారి కూడా తెరుచుకుంటుంది. ఫోన్‌లో బ్లూటూత్ సెట్టింగ్స్ పేజీ తెరిచే ఉంచండి, అప్పుడే ల్యాప్‌టాప్‌కి ఫోన్ కనిపిస్తుంది.

స్టెప్ 3: పెయిర్ చేయండి

"బ్లూటూత్‌సీటీఎల్" అని కొడితే దాని సొంత ప్రాంప్ట్ వస్తుంది. అక్కడ వరసగా:

1. పవర్ ఆన్
2. ఏజెంట్ ఆన్
3. స్కాన్ ఆన్: కాసేపట్లో మీ ఫోన్ పేరు, దాని పక్కన ఆరు జతల అక్షరాల మ్యాక్ అడ్రస్ కనిపిస్తాయి.
4. పెయిర్, ఆ తర్వాత మ్యాక్ అడ్రస్. మొదటి రెండు అక్షరాలు కొట్టి ట్యాబ్ నొక్కితే మిగతాది అదే నింపుకుంటుంది.
5. రెండు స్క్రీన్ల మీదా 6 అంకెల నంబర్ వస్తుంది. రెండూ ఒకటేనా అని చూసి, అప్పుడే ఎస్ చెప్పండి. ఆ నంబర్ చూపించేది ఊరికే కాదు. మధ్యలో ఇంకెవరి పరికరమైనా దూరలేదని తేల్చుకోవడానికే.
6. ట్రస్ట్, మ్యాక్ అడ్రస్.
7. స్కాన్ ఆఫ్. స్కాన్ నడుస్తూ ఉంటే స్పీడ్ తగ్గుతుంది.

నేను చేసిన తప్పు ఇక్కడే

ఆ రాత్రి పెయిర్ అవ్వగానే నేను కనెక్ట్ అని కొట్టాను. స్క్రీన్ మీద కనెక్టెడ్ అని వచ్చింది. మా వాడు ఊపిరి పీల్చుకున్నాడు. బ్రౌజర్ తెరిస్తే నెట్ లేదు. అరగంట సేపు ఫోన్ రీస్టార్ట్, ల్యాప్‌టాప్ రీస్టార్ట్, మళ్లీ పెయిర్, మళ్లీ కనెక్ట్. ప్రతిసారీ కనెక్టెడ్ అని వస్తుంది, నెట్ మాత్రం రాదు.

"అన్నా, నా ఫోన్‌లో పాట పెడితే ల్యాప్‌టాప్‌లో వస్తోంది" అన్నాడు వాడు. అప్పుడు వెలిగింది నాకు. ఫోన్ కనెక్ట్ అయింది నిజమే, కానీ ఆడియో కోసం! నా ల్యాప్‌టాప్ వాడి ఫోన్‌కి స్పీకర్‌లా మారింది, అంతే.

బ్లూటూత్‌లో మూడు మెట్లు ఉన్నాయి. పెయిరింగ్ అంటే రెండు పరికరాలు ఒకరినొకరు గుర్తుపెట్టుకోవడం మాత్రమే. కనెక్షన్ అంటే ఏదో ఒక సర్వీస్, అంటే ప్రొఫైల్, మొదలవడం. అది పాట కావచ్చు, ఫైల్ కావచ్చు, నెట్‌వర్క్ కావచ్చు. మూడోది, ఆ నెట్‌వర్క్ మీద ఐపీ అడ్రస్ రావడం. నెట్ రావాలంటే మూడు మెట్లూ ఎక్కాలి. నేను రెండో మెట్టులో వేరే గుమ్మం ముందు నిలబడి తలుపు కొడుతున్నాను.

అందుకే పెయిర్ అయ్యాక నేరుగా కనెక్ట్ కొట్టకండి. ముందు "ఇన్ఫో" కొట్టి, మ్యాక్ అడ్రస్ ఇవ్వండి. ఫోన్ ఇచ్చే సర్వీసుల లిస్ట్ వస్తుంది. అందులో ఎన్ఏపీ అని, పక్కన 1116 అంకెలున్న ఐడీ కనిపించాలి. అది లేకపోతే ఫోన్‌లో టెథరింగ్ ఆన్ చేయకముందే పెయిర్ చేసి ఉండొచ్చు. "రిమూవ్" కొట్టి, ఫోన్ వైపు కూడా మర్చిపో అని చెప్పి, టెథరింగ్ ఆన్ చేసుకుని మళ్లీ పెయిర్ చేయండి.

స్టెప్ 4: నెట్‌వర్క్ ప్రొఫైల్‌తో కనెక్ట్ అవ్వండి

డెస్క్‌టాప్ వాడేవాళ్లకు సులువు. కేడీఈలో, జీనోమ్‌లో పెయిర్ అయిన ఫోన్ నెట్‌వర్క్ మెనూలో విడిగా కనిపిస్తుంది, దాని మీద క్లిక్ చేయడమే. బ్లూమ్యాన్ వాడితే ఫోన్ పేరు మీద రైట్ క్లిక్ చేసి నెట్‌వర్క్ యాక్సెస్ పాయింట్ ఎంచుకోండి.

టెర్మినల్‌లో అయితే "ఎన్‌ఎమ్‌సీఎల్‌ఐ డివైస్" కొట్టండి. లిస్ట్‌లో బీటీ అనే టైప్‌తో మీ ఫోన్ మ్యాక్ అడ్రస్ ఉంటుంది. తర్వాత "ఎన్‌ఎమ్‌సీఎల్‌ఐ డివైస్ కనెక్ట్", ఆ పక్కన మ్యాక్ అడ్రస్. అంతే. లిస్ట్‌లో బీటీ లైనే లేకపోతే, నెట్‌వర్క్‌మేనేజర్‌కి బ్లూటూత్ ప్లగిన్ ఉందో లేదో చూసుకోండి. ఫెడోరా లాంటి వాటిలో అది వేరే ప్యాకేజీ.

నెట్‌వర్క్‌మేనేజర్ లేని సిస్టమ్‌లో బ్లూజెడ్ టూల్స్ ప్యాకేజీలో ఉండే "బీటీ-నెట్‌వర్క్" కమాండ్ ఉంది. దానికి మైనస్ సీ, మ్యాక్ అడ్రస్, ఎన్ఏపీ అని ఇస్తే లింక్ లేస్తుంది. తర్వాత డీహెచ్‌సీపీ క్లయింట్‌ని బీఎన్‌ఈపీ0 మీద నడపాలి. పాత గైడ్లలో పీఏఎన్‌డీ అనే కమాండ్ కనిపిస్తే దాని వెంట పడకండి. 2012 చివర్లో వచ్చిన బ్లూజెడ్ 5 నుంచి అది లేదు.

స్టెప్ 5: నిజంగా పనిచేస్తోందా?

"ఐపీ అడ్రస్" కమాండ్ కొట్టి చూడండి. ఇక్కడ నుంచి కింది లిస్ట్ ప్రకారం వెళ్తే తప్పు ఎక్కడుందో తేలిపోతుంది:

- బీఎన్‌ఈపీ0 లేనే లేదు: సమస్య రెండో మెట్టులో ఉంది. ఫోన్‌లో టెథరింగ్ స్విచ్ ఆఫ్ అయిందేమో చూడండి, చాలా ఫోన్లలో బ్లూటూత్ ఆపి వేస్తే అది మళ్లీ ఆఫ్ అవుతుంది. అది సరిగా ఉంటే "సుడో మాడ్‌ప్రోబ్ బీఎన్‌ఈపీ" కొట్టి కెర్నెల్ మాడ్యూల్ ఎక్కించండి.
- బీఎన్‌ఈపీ0 ఉంది, ఐపీ లేదు లేదా 169.254తో మొదలైంది: డీహెచ్‌సీపీ జవాబు రాలేదు. డిస్‌కనెక్ట్ చేసి మళ్లీ కనెక్ట్ అవ్వండి.
- ఐపీ ఉంది, గేట్‌వేకి పింగ్ వెళ్తోంది, 8.8.8.8కి వెళ్లట్లేదు: బ్లూటూత్ తప్పేం లేదు. ఫోన్‌లో మొబైల్ డేటా, సిగ్నల్, రోజువారీ ప్యాక్ అయిపోయిందేమో చూసుకోండి.
- 8.8.8.8కి పింగ్ వెళ్తోంది, వెబ్‌సైట్ పేరుతో వెళ్లట్లేదు: డీఎన్ఎస్ సమస్య. కనెక్షన్ సెట్టింగ్స్‌లో డీఎన్ఎస్ చేత్తో ఇవ్వండి.
- అన్నీ బాగున్నాయి, స్పీడ్ మరీ తక్కువ: ఫోన్‌ని ల్యాప్‌టాప్ పక్కన పెట్టండి. అదే బ్లూటూత్ మీద ఇయర్‌బడ్స్ వాడుతుంటే ఆపండి.

గేట్‌వే అడ్రస్ తెలియకపోతే "ఐపీ రూట్" కొడితే డీఫాల్ట్ అన్న లైన్‌లో ఉంటుంది.

స్టెప్ 6: డేటా కాపాడుకోండి

ల్యాప్‌టాప్‌కి ఇది ల్యాన్‌లాగే కనిపిస్తుంది కాబట్టి, వెనకాల అప్‌డేట్లు మొదలుపెట్టేస్తే మీకున్న చిన్న పైపు మొత్తం వాటికే పోతుంది. ఈ కనెక్షన్‌ని మీటర్డ్ అని మార్క్ చేయండి. ఎన్‌ఎమ్‌సీఎల్‌ఐలో కనెక్షన్ మాడిఫై చేస్తూ కనెక్షన్ డాట్ మీటర్డ్ విలువని ఎస్ చేస్తే చాలు. పని అయ్యాక ల్యాప్‌టాప్‌ని డిస్కవరబుల్‌గా వదిలేయకండి. వేరేవాళ్ల ఫోన్‌తో చేసి ఉంటే రిమూవ్ కొట్టి జత తీసేయండి.

ల్యాప్‌టాపే నెట్ ఇవ్వాలంటే?

పాత్రలు తిప్పేయొచ్చు. హాస్టల్ వైఫైలో లాగిన్ పేజీ వస్తుంది కదా, స్క్రీన్ లేని రాస్‌బెర్రీ పై ఆ పేజీ ఎలా తెరుస్తుంది? అప్పుడు ల్యాప్‌టాప్ వైఫైలో లాగిన్ అయి, బ్లూటూత్ మీద పైకి నెట్ ఇవ్వొచ్చు. పై 3 నుంచి, జీరో డబ్ల్యూలో కూడా బ్లూటూత్ బోర్డ్ మీదే ఉంటుంది.

పద్ధతి ఇది: ల్యాప్‌టాప్‌లో ప్యాన్0 అనే బ్రిడ్జ్ ఒకటి తయారుచేసి దానికి ఒక ఐపీ ఇవ్వండి. డీఎన్ఎస్‌మాస్క్‌తో ఆ బ్రిడ్జ్ మీద డీహెచ్‌సీపీ నడపండి. ఐపీ ఫార్వర్డింగ్, న్యాట్ ఆన్ చేయండి. చివరగా "బీటీ-నెట్‌వర్క్"ని ఈసారి మైనస్ ఎస్, ఎన్ఏపీ, ప్యాన్0 అని నడిపితే ల్యాప్‌టాప్ సర్వర్ అవుతుంది. ఇంత వద్దనుకుంటే, కొత్త నెట్‌వర్క్‌మేనేజర్‌లో బ్లూటూత్ కనెక్షన్ టైప్‌ని ఎన్ఏపీ చేసి, ఐపీవీ4 పద్ధతిని షేర్డ్ చేస్తే డీహెచ్‌సీపీ, న్యాట్ అదే చూసుకుంటుంది.

బీఎస్‌డీ వాడేవాళ్ల కోసం

ఫ్రీబీఎస్‌డీ, నెట్‌బీఎస్‌డీల్లో బ్లూజెడ్ ఉండదు. వాటిలో బీటీపీఏఎన్‌డీ అనే డీమన్ ఇదే పని చేస్తుంది. ఫోన్ అడ్రస్, ఎన్ఏపీ సర్వీస్ పేరు ఇస్తే ట్యాప్ అనే ఇంటర్‌ఫేస్ లేస్తుంది, దాని మీద డీహెచ్‌సీపీ నడపడమే. ఓపెన్‌బీఎస్‌డీ వాళ్లు మాత్రం 2014లో బ్లూటూత్ కోడ్ మొత్తాన్నే తీసేశారు, కాబట్టి అక్కడ ఈ దారి లేదు. సిస్టమ్ ఏదైనా ఆ మూడు మెట్లు మాత్రం మారవు.

ఆ రాత్రి ఏమైంది?

తప్పు అర్థమయ్యాక పని పావుగంట కూడా పట్టలేదు. జత తీసేసి, టెథరింగ్ ఆన్ చేసి, మళ్లీ పెయిర్ చేసి, ఈసారి నెట్‌వర్క్ ప్రొఫైల్‌తో కనెక్ట్ అయ్యాం. 8.8.8.8 నుంచి మొదటి జవాబు వచ్చినప్పుడు మా వాడు చప్పట్లు కొట్టాడు.

ఒక సందేహం రావచ్చు, డ్రైవర్‌ని ఫోన్‌లో దించి బ్లూటూత్ ఫైల్ ట్రాన్స్‌ఫర్‌తో పంపొచ్చు కదా అని. ఒక ఫైల్ అయితే పంపొచ్చు. కానీ ఆ డ్రైవర్‌ని అక్కడికక్కడే కంపైల్ చేయాలి. దానికి కంపైలర్ కావాలి, కెర్నెల్ హెడర్లు కావాలి, వాటికి మళ్లీ ఇంకేవో కావాలి. ఒక్కోటి వెతికి పంపేసరికి తెల్లారిపోతుంది. నెట్ ఉంటే ప్యాకేజీ మేనేజర్ ఒక్క కమాండ్‌లో అన్నీ తెచ్చుకుంటుంది.

అన్నీ కలిపి 60 ఎంబీ దాకా ఉన్నాయి, దిగడానికి పది నిమిషాలు దాటింది. ఆ పది నిమిషాలూ ఫోన్‌ని ఎవరూ ముట్టుకోలేదు. డ్రైవర్ ఎక్కి, రీబూట్ అయ్యాక వైఫై గుర్తు వచ్చింది. పైథాన్ లైబ్రరీలు మాత్రం బ్లూటూత్ మీద దించలేదు, అవి జీబీల్లో ఉంటాయి. వాటికి మామూలు హాట్‌స్పాట్ వాడాం. వైఫైని బతికించే వరకే బ్లూటూత్ పని.

రెండింటికి ప్రాజెక్ట్ రన్ అయింది. మా వాడు మూడింటికి పడుకుని, పదింటికి రివ్యూకి వెళ్లాడు. సాయంత్రం వచ్చి "అయిపోయింది అన్నా, ఓకే అన్నారు" అని చెప్పి, నాకో డేటా కేబుల్ కొనిచ్చాడు.

మీరు కూడా వైఫై బాగున్న రోజునే ఒకసారి ఇది ట్రై చేసి చూడండి. ఫోన్ పెయిర్ చేసి, ఇన్ఫోలో ఎన్ఏపీ ఉందో చూసి, వైఫై ఆపేసి, ఒక్క పింగ్ కొట్టండి. బ్లూజెడ్ టూల్స్ ప్యాకేజీ కూడా ఇప్పుడే ఇన్‌స్టాల్ చేసి పెట్టుకోండి. నెట్ పోయాక దాన్ని దించుకోవడం కుదరదు.